అత్తగారు చూసిన తోటా, బావగారు చెప్పే గుడీ: యెరూషలేము మీద మీ ఉత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం యెరూషలేము గురించే. యాత్రకు వెళ్లొచ్చినవాళ్లు, వెళ్లబోతున్నవాళ్లు, ఫోన్‌లో వీడియోలు చూసి అయోమయంలో పడ్డవాళ్లు అందరూ రాశారు. అందుకే వేరే ప్రశ్నలన్నీ వచ్చే నెలకు ఉంచి దీనికే పేజీలు కేటాయించాను. కొత్త పాఠకుల కోసం ఒక మాట. నేను తిరుపతిలో ఒక మహిళా కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. క్రైస్తవురాలిని కాను. మా వీధి చర్చి వాళ్లతో కలిసి ఆ ఊరు చూసి వచ్చాను. అక్కడి తవ్వకాల మీద దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అత్తగారు చర్చి బృందంతో యెరూషలేము వెళ్లి వచ్చారు. అక్కడ యేసుప్రభువు సమాధి అని రెండు చోట్ల చూపించారట. ఒకటి ఊరి మధ్యలో పెద్ద చర్చి లోపల, రెండోది గోడ బయట తోటలో. తోటలో ప్రార్థన చేసుకుంటే మనసు నిండిపోయిందని, అదే అసలైనదని అత్తగారు అంటారు. మా బావగారు పెళ్లయ్యాక ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) చర్చికి వెళ్తున్నారు. చర్చిలో ఉన్నదే నిజం, తోట ఇంగ్లీషువాళ్లు పెట్టిందని ఆయన వాదన. ఆదివారం భోజనాల దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరుగుతోంది. వడ్డించే నాకు టెన్షన్. ఏది నిజం?
(ఒక పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: అమ్మా, చరిత్ర వైపు నుంచి అడిగితే మొగ్గు మీ బావగారి వైపే. అయితే ఆయన అంటున్నంత ఖాయంగా మాత్రం ఎవరూ చెప్పలేరు. రెండు చోట్ల సంగతీ రాస్తాను, ఇద్దరికీ చదివి వినిపించండి.

చర్చి లోపలి సమాధిని కాదనేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే. సిలువ వేసింది గవిని (ఊరి గుమ్మం) వెలుపల అని వాక్యం చెబుతుంటే, ఈ చర్చి ప్రాకారం లోపల, బజారు మధ్యలో ఉందేమిటి? నేనూ ఆ ఇరుకు సందుల్లో మసాలా దుకాణాలు దాటుకుంటూ వెళ్తున్నప్పుడు ఇదే అనుకున్నాను. కానీ ఇప్పుడు మనం చూసే ప్రాకారం ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ పదహారో శతాబ్దంలో కట్టించింది. యేసు నాటికి ఊరి గోడ వేరే చోట ఉండేది. ఆయన మరణించిన పదేళ్ల తర్వాత, క్రీ.శ. 41-44 మధ్య ఏలిన హేరోదు అగ్రిప్ప ఉత్తరాన కొత్త గోడ మొదలుపెట్టాడు. ఈ చోటు ఊరి లోపలికి వచ్చింది ఆ తర్వాతే.

అంతకుముందు అక్కడ ఏముండేదో నేలే చెప్పింది. 1960ల్లో మొదలైన మరమ్మతుల సమయంలో ఫ్రాన్సిస్కన్ సాధువు, పురాతత్వవేత్త అయిన వర్జీలియో కోర్బో చర్చి అడుగున తవ్వితే పాత రాతి క్వారీ బయటపడింది. దక్షిణం పక్క క్యాథలీన్ కెన్యన్ తవ్వినప్పుడూ, 1970ల్లో పక్కనే ఉన్న జర్మన్ లూథరన్ చర్చి కింద తవ్వినప్పుడూ క్వారీయే. రాయి తీయడం మానేశాక ఆ గుంతల్లో మట్టి చేరింది, అంచుల్లో మిగిలిన బండలో సమాధులు తొలిచారు. సిరియన్ క్రైస్తవుల ప్రార్థన గది వెనక చీకటి గుహలో అవి ఇప్పటికీ ఉన్నాయి. వంగి లోపలికెళ్లి టార్చి వేస్తే గోడలోకి నేరుగా తొలిచిన పొడుగాటి అరలు కనిపిస్తాయి, ఒక మనిషిని పడుకోబెట్టి లోపలికి తోసేంత వెడల్పు. యేసు నాటి యూదుల పద్ధతి అది. వాళ్లు ఊరి లోపల శవాన్ని పెట్టరు కాబట్టి, ఆ అరలు తొలిచిన నాటికి ఆ చోటు ఊరి బయటే. మీ అత్తగారు ఈసారి వెళ్తే ఆ గుహ తప్పకుండా చూడమనండి. చాలా గ్రూపుల గైడ్లు అటు తీసుకెళ్లరు, అది నాకు బాధగా ఉంటుంది. ఆ చర్చిలో అంతకంటే విలువైన సాక్ష్యం లేదు. రోమ్ సపియెంజా యూనివర్సిటీ బృందం అదే చర్చి నేల కింద తవ్వి ఆలివ్, ద్రాక్ష ఆనవాళ్లు దొరికాయని 2025లో చెప్పింది. సిలువ వేసిన చోట తోట ఉండేదని యోహాను సువార్తలో ఉంది కాబట్టి ఆ వార్త లోకమంతా తిరిగింది.

ఇంతవరకూ తేలింది ఏమిటంటే, అది ఊరి బయటి శ్మశానం. అందులో ఫలానా సమాధి ఆయనది అని ఎలా తెలిసింది? ఇక్కడే అసలు చిక్కు. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ రెండో శతాబ్దంలో ఆ ఊరికి పేరు మార్చి తన పద్ధతిలో కట్టించాడు, ఈ చోట వీనస్ దేవతకు గుడి లేపాడు అని నాలుగో శతాబ్దపు బిషప్ యుసేబియస్ రాశాడు. క్రీ.శ. 326 ప్రాంతంలో కాన్‌స్టంటీన్ చక్రవర్తి ఆ గుడిని తీసేసి తవ్వించాడు, సమాధి దొరికింది, 335లో చర్చికి ప్రతిష్ఠ జరిగింది. అంటే మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు. ఈ చోటును సమర్థించేవాళ్లు అడిగేది నాకు బలంగా తోస్తుంది: కట్టుకథ అల్లేవాళ్లయితే ఊరి బయట ఏదో ఖాళీ స్థలం చూపిస్తారు గానీ, ఊరి నడిబొడ్డున, గుడి పడగొడితే తప్ప చేరలేని చోటు ఎందుకు చూపిస్తారు? ఎదుటివాళ్ల ప్రశ్నా న్యాయమైనదే. క్రీ.శ. 70లో రోమన్ సేనాని టైటస్ ఊరిని తగలబెట్టాడు, 135 తర్వాత యూదులను ఊళ్లోకే రానివ్వలేదు. ఇన్ని వినాశనాల మధ్య తొలి క్రైస్తవుల జ్ఞాపకం తెగిపోలేదని ఎవరు హామీ ఇస్తారు?

2016 సంగతి మీ బావగారు తప్పకుండా ఎత్తుతారు. ఆ ఏడాది ఏథెన్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం బృందం సమాధి మంటపానికి మరమ్మతులు చేస్తూ పైనున్న పాలరాతి పలకను జరిపింది. కింద సిలువ గుర్తు చెక్కిన మరో పలక, పగిలి ఉంది. దాని కింద సున్నపురాతి అరుగు. ఆ కింది పలకను అతికించిన సున్నాన్ని పరీక్షిస్తే క్రీ.శ. 345 ప్రాంతానిదని తేలింది. "యేసు సమాధి రుజువైంది" అని టీవీల్లో ఊదరగొట్టారు. ఆ పరీక్ష చెప్పింది అది కాదమ్మా. 1009లో ఖలీఫా అల్ హాకిం ఆ చర్చిని నేలమట్టం చేయించాడు, క్రూసేడర్లు కొత్తగా కట్టి 1149లో ప్రతిష్ఠించారు, 1808లో అగ్నిప్రమాదం జరిగింది. ఇన్ని జరిగాక అసలు చోటు మారిపోయిందేమో అన్న అనుమానం ఉండేది. సున్నం ఆ అనుమానం తీర్చింది. కాన్‌స్టంటీన్ కాలంలో పూజలందుకున్న సమాధి ఇదే. అందులో పడుకోబెట్టింది ఎవరిని అన్నది సున్నం చెప్పదు.

ఇక తోట. 1883లో జనరల్ గోర్డన్ అనే బ్రిటిష్ సైన్యాధికారి యెరూషలేములో ఉంటూ, డమాస్కస్ గుమ్మం బయట ఒక కొండ చరియలో కళ్ల గుంతల్లాంటి రెండు బొరియలు చూసి, యేసును సిలువ వేసిన కపాలస్థలం ఇదేనని నమ్మాడు. అతనికంటే ముందే కొందరు అలా అనుకున్నారు గానీ, పేరు అతనికి వచ్చింది. ఆ పక్కనే 1867లో బయటపడిన ఒక రాతి సమాధి ఉంది. ఊరి మధ్యలోని చర్చిలో గ్రీకులు, లాటిన్లు, ఆర్మీనియన్లు, కాప్టులు, సిరియన్లు, ఇథియోపియన్లు అందరికీ వాటా ఉంది, ప్రొటెస్టెంట్లకు ఒక మూల కూడా లేదు. 1894లో లండన్‌లో ఒక సంఘం ఏర్పడి ఆ తోటను కొన్నది. మీ అత్తగారు కూర్చున్న బెంచీలు, పూలమొక్కలు, ఆ నిశ్శబ్దం అన్నీ ఆ సంఘం శ్రమే. ఎంతో శ్రద్ధగా చూసుకుంటారు, ఆ మాట ఒప్పుకోవాలి.

అయితే ఇజ్రాయెల్ పురాతత్వవేత్త గాబ్రియెల్ బర్కాయ్ 1980ల్లో ఆ సమాధిని కొలతలు వేసి, పక్కనున్న ఫ్రెంచి మఠం ఆవరణలోని సమాధులతో పోల్చి చూశాడు. గదులు పక్కపక్కన ఉన్న తీరు, అరుగుల అమరిక, రాయి చెక్కిన పద్ధతి, అన్నీ క్రీ.పూ. 8-7 శతాబ్దాల నాటివి. అంటే యేసు కంటే ఏడు వందల ఏళ్లు పాతది. అరిమతయియ యోసేపు యేసును పెట్టింది ఎవరినీ పెట్టని కొత్త సమాధిలో అని సువార్తలే చెబుతున్నాయి. ఈ ఒక్క మాటతో తోట వాదన నిలబడదని నా అభిప్రాయం. తోట నిర్వాహకులు కూడా ఇదే ఆ సమాధి అని పట్టుబట్టరు.

మీ అత్తగారితో మీరు చెప్పాల్సింది ఇదమ్మా. ఆమె తోటలో చేసిన ప్రార్థన మీద ఎవరికీ ఏ సందేహమూ లేదు, దానికి పురాతత్వశాఖ సంతకం అక్కర్లేదు. బావగారితో కూడా ఒక మాట చెప్పండి. ఆయన చెప్పే చోటుకు సాక్ష్యం బాగానే ఉంది, రుజువు మాత్రం లేదు. పప్పు వడ్డించేలోపు ఇద్దరూ ఆ తేడా ఒప్పుకుంటే మీ టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. ఒక వీడియోలో దావీదు రాజు కోట దొరికిందని, బైబిల్ రుజువైందని చెప్పారు. ఇంకో వీడియోలో దావీదు అనే మనిషే లేడన్నారు. ఇద్దరూ ప్రొఫెసర్లనే చూపించారు. ఎవర్ని నమ్మాలి మేడమ్?
(ఒక విద్యార్థి, తిరుపతి)

జవాబు: నాయనా, ఇద్దరూ సగం సగమే చెప్పారు.

దావీదు లేడన్న మాట 1993 తర్వాత చెప్పడం కష్టమైంది. ఇజ్రాయెల్ ఉత్తర సరిహద్దులో తేల్ దాన్ అనే దిబ్బ దగ్గర తవ్వకాల్లో, పాత గోడలో మామూలు రాయిలా వాడేసిన నల్లరాతి ముక్క దొరికింది. దాని మీద అరామిక్ భాషలో ఒక సిరియా రాజు గొప్పలు చెప్పుకున్నాడు: ఇజ్రాయెల్ రాజును చంపాను, "దావీదు ఇంటి" రాజును చంపాను అని. శాసనం క్రీ.పూ. 9వ శతాబ్దానిది. దావీదు కాలం క్రీ.పూ. 1000 ప్రాంతం అంటారు. అంటే నూటయాభై ఏళ్లు తిరగకముందే శత్రువు ఆ రాజవంశాన్ని అతని పేరుతో పిలిచాడు. శత్రువు సాక్ష్యం కాబట్టి దానికి బరువెక్కువ. అయినా అది వంశం పేరు మాత్రమే. దావీదు ఎంత రాజ్యం ఏలాడు, గొల్యాతును కొట్టాడా అన్నవి ఆ రాయిలో లేవు.

కోట సంగతి వేరు. 2005లో ఎయిలాత్ మజార్ అనే పురాతత్వవేత్త, యెరూషలేముకు దక్షిణాన దావీదుపురం అనే సన్నని గుట్ట మీద తవ్వి పెద్ద పెద్ద గోడలు బయటపెట్టింది. ఆమె రెండో సమూయేలు గ్రంథం చేతపట్టుకుని, దావీదు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగాడో లెక్కవేసి, ముందే ఆ చోటు ఊహించింది. ఇది దావీదు రాజమందిరమే అని ప్రకటించింది. రెండేళ్లకు ఇజ్రాయెల్ ఫిన్‌కెల్‌స్టెయిన్‌తో సహా టెల్ అవీవ్ యూనివర్సిటీకి చెందిన నలుగురు పండితులు జవాబు రాశారు. ఆ గోడలన్నీ ఒకే కట్టడానివి కావు, కొన్ని ఎన్నో శతాబ్దాల తర్వాత కట్టినవి అని. ఇది ఇప్పటికీ తెగలేదు. వాళ్ల గొడవ మూలం ఏమిటంటే, గోడ రాయికి తేదీ ఉండదు. దాని కింద, దాని మీద, దాన్ని ఆనుకుని దొరికిన కుండపెంకులతోనే కాలం కట్టాలి. ఆ గుట్ట మీద రెండు వేల ఏళ్లు జనం పాత రాళ్లు పీకి కొత్త ఇళ్లు కట్టుకుంటూ వచ్చారు, పొరలన్నీ కలగాపులగమయ్యాయి.

2024లో ఇంకో అధ్యయనం వచ్చింది. అదే గుట్ట నుంచి తీసిన విత్తనాల్లాంటి వందకు పైగా నమూనాలకు, కాలం తేల్చే రేడియోకార్బన్ పరీక్ష చేశారు. క్రీ.పూ. 12 నుంచి 10వ శతాబ్దం వరకు అక్కడ జనం బాగానే ఉన్నారని, ఊరు పడమటికి పెరగడం అనుకున్నదానికంటే ముందే, 9వ శతాబ్దంలోనే మొదలైందని తేలింది. దావీదు నాటికి అదొక కుగ్రామం అన్న మాట దీనితో బలహీనపడింది. మహా సామ్రాజ్యపు రాజధాని అన్న మాటకు మాత్రం బలం చేకూరలేదు.

వీడియో చూసేటప్పుడు ఒక్క పని చెయ్యి. "దొరికింది" అన్న చోట ఆపి, దొరికిన వస్తువు ఏమిటో, దాని మీద పేరుందా లేదా, కాలం దేనితో కట్టారో నోట్‌బుక్‌లో రాసుకో. ఆ మూడూ చెప్పని ప్రొఫెసర్‌ను పక్కన పెట్టు.

ప్రశ్న: సండే స్కూల్లో పిల్లలకు చెప్పడానికి, గొడవలేమీ లేకుండా నిజమని తేలిన బైబిల్ చోటు ఒక్కటైనా ఉందా?
(ఒక టీచరు, శ్రీకాళహస్తి)

జవాబు: ఉంది టీచరు గారూ, సిలోయము సొరంగం. నా మట్టుకు నేను ఆ ఊళ్లో చూసినవాటిలో ఇంతకు మించింది లేదు.

గీహోను ఊట ఊరి గోడ బయట, లోయ అడుగున ఉంది. ముట్టడి వస్తే నీళ్లు శత్రువు పాలవుతాయి. హిజ్కియా రాజు ఆ నీళ్లను కాలువ ద్వారా ఊళ్లోకి మళ్లించాడని రెండో రాజులు 20వ అధ్యాయం, రెండో దినవృత్తాంతాలు 32వ అధ్యాయం చెబుతాయి. అష్షూరు రాజు సన్హెరీబు దండెత్తింది క్రీ.పూ. 701లో. ఆ కాలువలో ఇప్పటికీ నడవచ్చు. పొడవు 533 మీటర్లు. నీళ్లు మోకాళ్లు దాటి వస్తాయి, చల్లగా ఉంటాయి. రెండు భుజాలూ గోడలకు తగిలేంత ఇరుకు. టార్చి వెలుతురులో గోడ మీద ఉలిదెబ్బలు ఏటవాలు గీతల్లా కనిపిస్తాయి. చేత్తో తడిమితే ఆ గీతలు ఒకే దిశలో జారుతుంటాయి. మధ్యలో ఒకచోట సొరంగం వంకరలు తిరుగుతుంది, మొదలుపెట్టి వదిలేసిన పొట్టి దారులు కనిపిస్తాయి, ఆ తర్వాత ఉలిదెబ్బల దిశ మారిపోతుంది. రెండు జట్లు రెండు కొసల నుంచి తొలుచుకుంటూ వచ్చి కలుసుకున్న చోటు అది. ఈ కొసకూ ఆ కొసకూ నీటి వాలు ఒక్క అడుగు మాత్రమే. దిక్సూచి లేని రోజుల్లో ఇది ఎలా చేశారన్న దాని మీద ఇంజనీర్లు ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు.

1880లో ఆ సొరంగంలో ఆడుకుంటున్న ఒక కుర్రాడు గోడ మీద అక్షరాలు చూశాడు. పాత హీబ్రూ లిపిలో ఆరు వరుసలు. ఇంకా మూడు మూరల రాయి మిగిలి ఉండగా అటువైపు మనిషి ఇటువైపు మనిషిని పిలిచే గొంతు వినపడిందని, గొడ్డలికి గొడ్డలి ఎదురై రాయి తెగిందని, ఊట నుంచి కోనేటికి పన్నెండు వందల మూరలు నీళ్లు పారాయని ఉంది. రాజు పేరు ఎక్కడా లేదు. కూలీల పని గురించి కూలీల వైపు నుంచి రాసిన మాటలు అవి. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి.

రాజు పేరు లేకపోతే హిజ్కియాదే అని ఎలా అంటారు అని ఎవరైనా పిల్లవాడు అడిగితే మెచ్చుకోండి. 2003లో శాస్త్రవేత్తలు గచ్చులో చిక్కుకున్న మొక్కల అవశేషాలకు, పైకప్పు నుంచి దిగిన సున్నపు ఊడలకు పరీక్షలు చేసి క్రీ.పూ. 700 ప్రాంతం అని తేల్చారు. రోనీ రైక్, ఎలీ షుక్రోన్ అనే ఇద్దరు పురాతత్వవేత్తలు మాత్రం కుండపెంకుల్ని బట్టి ఇంకొంచెం ముందుదే అంటారు. కాబట్టి "గొడవలేమీ లేకుండా" అన్నది ఇక్కడ కూడా పూర్తిగా కుదరదు. కానీ ఈ గొడవ కొన్ని దశాబ్దాల తేడా గురించి.

సొరంగం కొసన ఉన్న చిన్న మడుగునే చాలాకాలం సిలోయము కోనేరు అని చూపించేవారు. అది తర్వాతి క్రైస్తవ చక్రవర్తుల నాటిది. 2004లో దగ్గర్లో మురుగు పైపు మరమ్మతు చేస్తుంటే రాతి మెట్లు తగిలాయి. ఐదేసి మెట్లు, మధ్యలో వెడల్పాటి తిన్నె, మళ్లీ ఐదు మెట్లు. గచ్చులో, బురదలో దొరికిన నాణేలను బట్టి యేసు కాలంలో వాడుకలో ఉన్న కోనేరు అదే. పుట్టుగుడ్డివాడు కళ్లు కడుక్కున్నాడని యోహాను 9వ అధ్యాయం చెప్పే కోనేరు. బేతెస్ద కోనేరు కూడా అంతే. దానికి అయిదు మంటపాలు అని యోహాను సువార్త చెప్పింది కల్పన అని ఒకప్పుడు కొందరు పండితులు తేలిగ్గా కొట్టేశారు. సెయింట్ ఆన్ చర్చి పక్కన తవ్వితే రెండు లోతైన కోనేర్లు, వాటి మధ్య అడ్డగట్టు బయటపడ్డాయి. నాలుగు వైపులా నాలుగు, గట్టు మీద ఒకటి. ఆ సువార్త రాసినవాడికి పాత యెరూషలేము వీధులు బాగా తెలుసు. అద్భుతం జరిగిందా అంటే అది తవ్వితే దొరికే విషయం కాదు.

ప్రశ్న: మీరు వాళ్ల సమాధులను ఇంత నిక్కచ్చిగా తూకం వేస్తున్నారు. మన అంజనాద్రి విషయంలో కూడా ఇలాగే రాయగలరా? లేక ఊరి భయమా?
(ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: అడగాల్సిన ప్రశ్నే అడిగారు. తూకం రాళ్లు మార్చితే నేను ఇన్నేళ్లు చెప్పిన పాఠానికి అర్థం లేదు.

2021 శ్రీరామనవమి రోజు తిరుమలలోని అంజనాద్రే హనుమంతుడి జన్మస్థలమని టీటీడీ ప్రకటించింది. హంపీ దగ్గరి ఆనెగొంది వైపు వాళ్లు ఒప్పుకోలేదు, వాదోపవాదాలు జరిగాయి. టీటీడీ చూపిన పురాణ శ్లోకాలు, కావ్యాలు, శాసనాలు ఒక విషయం గట్టిగా చెబుతాయి: ఈ కొండను అంజనాద్రి అని పిలవడం, అంజనాదేవి తపస్సును దీనితో ముడిపెట్టడం చాలా పాత సంప్రదాయం. హంపీ వైపు సంప్రదాయమూ పాతదే. ఫలానా గుహలో ఫలానా వారు పుట్టారని తేల్చే సాక్ష్యం ఏ కొండ దగ్గరా ఉండదు, కాన్‌స్టంటీన్ చర్చిలో లేనట్టే.

కానీ అదే తిరుమలలో, పల్లవ రాణి సామవాయి వెండి విగ్రహం చేయించి సమర్పించిందని, దాని ఉత్సవాలకు భూములు ఇచ్చిందని గోడ మీద శాసనం ఉంది. అది పదో శతాబ్దం నాటిదని ఎక్కువమంది పండితుల మాట. ఎవరు, ఏమిచ్చారు, దేనికిచ్చారు అన్నీ అందులోనే ఉన్నాయి. చరిత్రకు కావాల్సింది అలాంటిది.

మధ్యస్థంగా ఉండే ఉదాహరణ కావాలంటే ఏర్పేడు దగ్గరి గుడిమల్లం వెళ్లి రండి. నా విద్యార్థినులను అక్కడికి తీసుకెళ్లేదాన్ని. దాదాపు అయిదడుగుల లింగం, దాని ముందు భాగంలో ఒక చేత్తో పొట్టేలును, ఇంకో చేత్తో చిన్న పాత్రను పట్టుకుని, భుజాన గండ్రగొడ్డలితో మరుగుజ్జు మీద నిలబడ్డ శివుడు. గుళ్లోని శాసనాలు పల్లవ, బాణ, చోళ కాలాలవి. మొదట ప్రతిష్ఠించింది ఎవరో ఒక్కటీ చెప్పదు. 1973లో ఐ.కె. శర్మ ఆధ్వర్యంలో తవ్వినప్పుడు, లింగం మొదట్లో రాతి కంచె మధ్య ఆరుబయట ఉండేదని తెలిసింది. శిల్పం తీరును బట్టి క్రీ.పూ. 2-1 శతాబ్దాలది అని చాలామంది, ఇంకా తర్వాతిదని కొందరు. ఆ వాదన విన్నంత మాత్రాన గుడిమల్లంలో ఎవరూ అభిషేకం ఆపలేదు. రెండిటికీ చోటుంది.

ప్రశ్న: "యేసు సహోదరుడు యాకోబు" అని రాసి ఉన్న ఎముకల పెట్టె నిజమా, దొంగదా?
(ఒక పాఠకుడు, పలమనేరు)

జవాబు: పెట్టె పాతదే, అందులో వివాదం లేదు. 2002లో బయటికొచ్చింది. మరుసటి ఏడాది ఇజ్రాయెల్ పురాతత్వశాఖ నియమించిన కమిటీ, దాని మీది రాత ఈ కాలంలో చెక్కిన నకిలీదని తేల్చింది. కేసు ఏళ్ల తరబడి నడిచి 2012లో యజమాని ఫోర్జరీ ఆరోపణ నుంచి బయటపడ్డాడు. నేరం రుజువు కాలేదన్నారు తప్ప, రాత అసలైనదని కోర్టు చెప్పలేదు. నాకు అంతకంటే పెద్ద బాధ వేరే ఉంది. అది ఏ గుహలో, ఏ పొరలో, దేని పక్కన దొరికిందో తెలియదు. దొంగతవ్వకాల వల్ల జరిగే నష్టం ఇదే. వస్తువు మిగులుతుంది, దాని సాక్ష్యం పోతుంది. మన పల్లెల్లో నిధుల కోసం పాత గుళ్లు తవ్వే వాళ్లు చేసేదీ ఇదే ద్రోహం.

ప్రశ్న: సిలువ వేసినవాళ్లను పూడ్చిపెట్టేవాళ్లే కాదు, కాకులకు వదిలేసేవాళ్లు అంటారు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, పుత్తూరు)

జవాబు: చాలామందిని అలాగే వదిలేసేవాళ్లు. అందరినీ కాదు. 1968లో యెరూషలేము ఉత్తరాన ఇళ్లు కడుతుంటే ఒక సమాధి బయటపడింది. అందులోని ఒక పెట్టెలో యెహోహానాన్ అనే యువకుడి ఎముకలు, మడమ ఎముకలో దిగబడ్డ ఇనుప మేకు. మేకు కొస వంగిపోయింది. బహుశా కొయ్యలో ముడి తగిలి ఉంటుంది. పీకడానికి రాక అలాగే పూడ్చారు. ఇంటివాళ్లు శవాన్ని తెచ్చుకుని, ఆ తర్వాత ఎముకలు ఏరి, పేరు రాసి పెట్టెలో పెట్టారు. అంటే అనుమతి దొరికిన సందర్భాలు ఉన్నాయి. యేసుకు సిలువ శిక్ష వేసిన రోమన్ గవర్నరు పిలాతు పేరున్న రాయి కూడా 1961లో సముద్రతీరాన కైసరయలో దొరికింది, రంగస్థలం మెట్టుగా తిరగేసి వాడుకున్నారు.

ప్రశ్న: సొలొమోను దేవాలయం ఉన్న చోటే తవ్వితే అన్నీ తేలిపోతాయి కదా, ఎందుకు తవ్వరు?
(ఒక పాఠకుడు, మదనపల్లె)

జవాబు: అక్కడ ఇప్పుడు డోమ్ ఆఫ్ ద రాక్, అల్ అక్సా మసీదు ఉన్నాయి. ముస్లింలకు పవిత్ర స్థలం. ఆ ఆవరణలో శాస్త్రీయంగా పూర్తి స్థాయి తవ్వకం ఎప్పుడూ జరగలేదు. 1996లో పక్కనున్న పడమటి గోడ సొరంగానికి కొత్త ద్వారం తెరిచినందుకే గొడవలు చెలరేగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. దావీదుపురం తవ్వకాలు జరిగేది కూడా సిల్వాన్ అనే పాలస్తీనా బస్తీ ఇళ్ల మధ్యన, ఇళ్ల కింద. 1967 యుద్ధం తర్వాత ఇజ్రాయెల్ ఆధీనంలోకి వచ్చిన ప్రాంతం అది. అక్కడి తవ్వకాలకు డబ్బు పెట్టే సంస్థ యూదులను ఆ బస్తీలో స్థిరపరిచే పని కూడా చేస్తోంది. గోడల్లో పగుళ్లొచ్చిన ఇళ్లవాళ్ల మొర కూడా ఈ చరిత్రలో భాగమే. మూడు వేల ఏళ్ల నాటి గోడ కోసం ఇవాళ ఒక కుటుంబం నిద్ర పోగొట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న: వచ్చే ఏడాది మా చర్చి తరఫున యెరూషలేము వెళ్తున్నాం. ఏం చూడాలి, ఏం నమ్మాలి?
(ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: నమ్మకం సంగతి మీకూ మీ దేవుడికీ వదిలేస్తాను. చూడాల్సినవి చెబుతాను. సొరంగానికి పాత చెప్పులు, టార్చి, మార్చుకోవడానికి బట్టలు ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులుంటే పక్కనే పొడి దారి ఉంది, అటు వెళ్లండి. సిలువ మార్గంలో ఎక్కె హోమో మఠం దగ్గర, పిలాతు తీర్పు చెప్పిన రాతి నేల ఇదేనని చూపించవచ్చు. ఆ రాళ్లు హేడ్రియన్ కాలానివి, నూరేళ్లు తర్వాతివి. పిలాతు తీర్పు చెప్పింది ఊరి పడమటి కొసన, యాఫా గుమ్మం పక్కనున్న హేరోదు రాజమందిరంలో అని ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అటువైపు ఒక పూట కేటాయించమని మీ గైడ్‌ను ముందే అడగండి. ఇజ్రాయెల్ మ్యూజియంలో పిలాతు రాయి, మడమ మేకు రెండూ చూడవచ్చు.

సిలోయము శాసనం మాత్రం యెరూషలేములో లేదు. ఎవరో గోడ నుంచి పెకలించి ముక్కలు చేశారు, ఆ రోజుల్లో ఏలుబడి ఒట్టోమన్లది కాబట్టి ఇస్తాంబుల్ చేరింది. అన్యజనులు (యూదులు కానివాళ్లు) ఈ హద్దు దాటితే చావే అని గ్రీకులో చెక్కిన యెరూషలేము దేవాలయపు హెచ్చరిక రాయి కూడా అక్కడి ఆర్కియాలజీ మ్యూజియంలోనే ఉంది. మీ ట్రావెల్స్ వాళ్లు ఇస్తాంబుల్ మీదుగా టికెట్లు తీసేటట్టయితే, అక్కడ ఒక రోజు ఆగేలా చూడమని ఇప్పుడే చెప్పండి.